తేదీ లేని మంచిరోజు

వానలు ఇంక వెనకబట్టాయని రేడియోలో చెప్పిన మర్నాడు పొద్దున్నే, షిగెనో ముసలమ్మ తలకి తువ్వాలు చుట్టుకుని పెరట్లోకి దిగింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. వంగిన నడుం ఇంక నిటారుగా లేవదు. అయినా ఊరగాయకి వేసిన పుల్లటి ఉమె కాయలు ఎండబెట్టే రోజుల్లో ఆమెని ఓ మూల కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. జూన్‌లో ఉప్పులో వేసిన కాయలు జాడీల్లో బాగా ఊరి, షిసో ఆకుల ఎర్రరంగు పట్టి, ఈ ఎండ కోసమే కాచుక్కూర్చున్నాయి. మూడు పగళ్ళు ఎండా, మూడు రాత్రులు మంచూ తగిలితే గానీ ఆ కాయకి మెత్తదనం రాదు.

కోడలు ఇత్సుకో జాడీలోంచి కాయల్ని చిల్లుల గరిటెతో తీసి వెదురు తట్టల్లోకి దించుతోంది. అత్తగారు వాటిని ఒక్కొక్కటీ వేళ్ళతో ఎడంగా సర్దుతోంది. కాయకి కాయ తగలకూడదు. తగిలిందా, తొక్క అంటుకుపోయి తిప్పేటప్పుడు చిరుగుతుంది. చిరిగిన కాయని ఎవరు కొంటారు? ఇంట్లో వాళ్ళు తినాల్సిందే.

"అత్తయ్యా, టోపీ పెట్టుకోండి. తువ్వాలుకి ఈ ఎండ ఆగదు."

"నా నెత్తికి ఈ ఎండ కొత్తా? ముందు నీ సంగతి చూసుకో. పొద్దున ఏం తిన్నావ్?"

"టీ గంజి."

"ఎంత?"

"గిన్నెడు."

"గిన్నెడా! పిచ్చికలు నీకన్నా నయం. చూడు, నీ మెడ ఎట్లా అయిందో, గరిట కాడలా."

ఇత్సుకో నవ్వింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ముప్పై ఏళ్ళు. మొగుడు తకెహిరో పోయి ఆరేళ్ళు. పిల్లలు లేరు. ఇంకా నడివయసు దాటలేదు, పుట్టింటికి వెళ్ళిపోతుందేమో అని మినాబె లోయలో అందరూ అనుకున్నారు. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని షిగెనో అడగనూ లేదు. అడిగితే నిజంగానే వెళ్ళిపోతుందేమోనని భయం.

నాలుగో తట్ట సర్దుతుండగా తోపుడుబండి చప్పుడైంది. పై వీధి కినుయో. బండిలో రెండు గుండ్రాళ్ళు, అరిగి అరిగి నున్నగా అయినవి. జాడీల మీద బరువుకి పెట్టే రాళ్ళు.

"పెద్దమ్మా, ఇవి మీ దగ్గర ఉంచండి," అంది కినుయో, చెమట తుడుచుకుంటూ. "తనాబె పట్నంలో నాకు ఒక గది దొరికింది. బాల్కనీలో నాలుగు బట్టలు ఆరేస్తే మనిషి నిలబడ్డానికి చోటుండదు. ఈ రాళ్ళు ఎక్కడ పెట్టుకోను?"

"గదేమిటే? నీ ఇల్లుండగా గదేమిటి?"

"నా ఇల్లు ఎక్కడిది పెద్దమ్మా. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు."

షిగెనో చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. కినుయో మొగుడు ఎప్పుడో పోయాడు. మామగారు కన్‌జి తాత మంచానపడి పదేళ్ళ పైన బతికాడు. ఆ పదేళ్ళూ ఆయన్ని ఎత్తి, దింపి, కడిగి, నోట్లో ముద్ద పెట్టింది ఈ కినుయోనే. ఆయన కన్నకూతురు ఒసాకా నుంచి ఏడాదికోసారి వచ్చి, మిఠాయి డబ్బా పూజ అర ముందు పెట్టి, సాయంత్రం బండికి వెళ్ళిపోయేది.

"అదేం న్యాయమే! మీ మామగారు ఇల్లు నీకే అని రాశాడుగా! నాకు చూపించాడు కూడానూ. కుంచెతో, ముత్యాల్లాంటి అక్షరాలు."

"అక్షరాలు బావున్నాయనే అన్నారట కోర్టులో కూడా. తేదీ లేదు కాబట్టి చెల్లదు, ఇల్లు కూతురిదే అన్నారు."

"లేకపోవడమేమిటి? నేను కళ్ళారా చూశాను."

"'పదకొండో నెల, శుభదినం' అని రాశాడు పెద్దమ్మా. పెళ్ళి శుభలేఖ మీద రాసినట్టు. నెలలో శుభదినాలు బోలెడుంటాయి, ఇందులో ఇది ఏది అని అడిగారు. చెప్పాల్సిన మనిషేమో బూడిదయ్యాడు." కినుయో నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "పాపం, మంచి జరగాలనే అట్లా రాశాడు. వట్టి అంకె వేస్తే మోటుగా ఉంటుందని."

ఇత్సుకో గరిట పక్కన పెట్టి వచ్చి, రాళ్ళని బండిలోంచి దించింది. కినుయో వీపు మీద చెయ్యి వేసి కాసేపు అట్లాగే నిలబడింది. తర్వాత లోపలికి వెళ్ళి చల్లటి బార్లీ నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

షిగెనోకి మాత్రం ఆ తర్వాత కినుయో ఏం చెప్పిందో ఒక్క ముక్క చెవికెక్కలేదు.

మధ్యాహ్నం ఇత్సుకో కొండ మీద తోటకి వెళ్ళగానే, ముసలమ్మ పూజ అర ముందు చతికిలబడింది. లోపల మొగుడి పేరు పలకా, కొడుకు పేరు పలకా పక్కపక్కన ఉన్నాయి. కింద సొరుగులో, అగరొత్తుల కట్టకి అడుగున ఓ కవరు. రెండేళ్ళ కింద కొత్త సంవత్సరం నాడు, తొలి కుంచె పట్టే ఆ శుభవేళ, సిరా నూరి ఎంతో శ్రద్ధగా రాసింది. నా ఇల్లూ స్థలమూ నా కోడలు ఇత్సుకోకి చెందాలి. రాసి, ఆరబెట్టి, పేరుముద్ర వేసి, దండం పెట్టుకుని దాచింది. ఇంక ఈ జన్మకి ఆ బెంగ తీరిందనుకుంది.

ఇప్పుడు కాగితం విప్పి అడుగున చూసింది. 'నూతన సంవత్సరం, శుభదినం.'

"ఓరి నా తెలివి తెల్లారిపోనూ!" అని మొగుడి పలక వంక చూసి నుదురు కొట్టుకుంది.

ఇల్లు ఆమె పేర ఉంది. కొండ మీద ఉమె తోట ఇత్సుకో పేర ఉంది. తకెహిరో పోయినప్పుడు, తోటలో తనకి వచ్చే వాటా వద్దని షిగెనోనే ముద్ర వేసి ఇచ్చింది. చెట్టు కొమ్మలు కత్తిరించే చేతికే చెట్టు ఉండాలని ఆమె పట్టుదల. మరి ఇల్లో? ఆమె కన్ను మూస్తే చట్టం లెక్కలో కోడలు పరాయి మనిషి. ఇల్లు పోయిన తమ్ముడి కొడుకు షుహెయ్‌కి పోతుంది. ఆ షుహెయ్ తకెహిరో చావుకి వచ్చినప్పుడు, అగరొత్తి వెలిగించి లేస్తూనే, "అత్తా, ఈ పెరట్లో ఎన్ని కార్లు పడతాయి?" అని అడిగాడు! ముసలమ్మకి ఆ మాట ఇప్పటికీ చేపముల్లులా గొంతులో ఉంది.

ఇత్సుకో కూడా ఓ రోజు ఇట్లాగే రాళ్ళు బండిలో వేసుకుని ఎవరింటికో తోసుకెళ్తుందా? మళ్ళీ రాయాలి. వెంటనే రాయాలి. కానీ కోడలికి చెప్పకూడదు. చెబితే, నేను చేసిందానికి కూలి ఇస్తున్నారా అత్తయ్యా అని నొచ్చుకుంటుందేమో. అంతకన్నా పెద్ద భయం, ఇల్లు రాసిచ్చి తనని కట్టిపడేస్తున్నానని అనుకుంటుందేమో.

గోడ మీద క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, అంకెల కింద చిన్న అక్షరాలు చూసింది. ఎల్లుండి బుత్సుమెత్సు, బుద్ధుడు కనుమూసిన చెడ్డరోజు. ఆ రోజున ఆమె జన్మలో కొత్త చెప్పులు కూడా తొడగలేదు. ఆ మర్నాడు మహా మంచిరోజు. అప్పటికి కాయలు కూడా జాడీలోకి ఎక్కేస్తాయి. ఆ రోజే రాయాలి. ఈసారి వట్టి అంకె వెయ్యాలి, కానీ మంచిరోజు అంకె వెయ్యాలి. అప్పుడు చట్టానికీ దేవుడికీ కూడా పేచీ ఉండదు.

రెండో రోజు ఎండ ఇంకా చురుక్కుమంది. కాయల మీద ఉప్పు తెల్లగా పొడిదేరుతోంది. అత్తా కోడళ్ళు చెరో వైపు కూర్చుని కాయల్ని తిప్పసాగారు. వేళ్ళు ఊటలో ముంచుకుని, కాయని కింద నుంచి మెల్లగా కదిపి, తట్టని వదిలిందనిపించాక తిరగెయ్యాలి. లాగకూడదు. షిగెనో చెయ్యి పోయిన చలికాలం జ్వరంలో పడి లేచినప్పటి నుంచి వణుకుతోంది. చాప్‌స్టిక్స్‌తో చేపముక్క పట్టుకుంటే జారిపోతుంది. కాయ తిప్పేటప్పుడు మాత్రం ఆ వణుకు ఎక్కడికి పోతుందో పోతుంది.

"అత్తయ్యా, మీరు తిప్పినవాటిలో ఒక్కటీ చిరగలేదు. నావి చూడండి, మూడు."

"నువ్వు మనసెక్కడో పెట్టి తిప్పుతున్నావ్. కినుయో గురించి ఆలోచిస్తున్నావా?"

"ఊఁ," అంది ఇత్సుకో. "వచ్చే ఏడు ఆవిడ కాయల్ని కూడా మనమే ఊరెయ్యాలి. ఇక్కడికే వచ్చి వేసుకోమందాం. రాళ్ళు ఎట్లాగూ ఇక్కడే ఉన్నాయిగా."

వచ్చే ఏడు, ఇక్కడికే. ఎంత ధీమాగా అంటోందో పిచ్చిది. షిగెనో తల వంచుకుని ఇంకో కాయ తిప్పింది.

మధ్యాహ్నం, తలనొప్పిగా ఉంది కాసేపు నడుం వాలుస్తానని చెప్పి, పెరటి కొట్టంలో దూరింది ముసలమ్మ. ఉప్పు బస్తా మీద పీట పెట్టుకుని, తెల్లకాగితం పరిచి రాయడం మొదలెట్టింది. కుంచె పడితే గీత పాములా పోతోంది. పెన్నుతో 'నా' అని మొదలెడితే 'ఇల్లు' దాకా వచ్చేసరికి అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. కాగితం నలిపేసింది. ఇంకోటి. అదీ నలిపేసింది. కాయల్ని తిప్పే చెయ్యి ఇదేనా? పెన్ను పట్టుకుంటే దీనికేం మాయరోగం? ఏడుపొచ్చింది. చివరికి, చెరిపి మళ్ళీ రాసుకోవచ్చు కదా అని మొండి పెన్సిలు వెతికి తీసింది. కాస్త నయమనిపించింది. రేపు కూడా అలవాటు చేసుకుంటే ఎల్లుండి మంచిరోజుకి చెయ్యి కుదురుకుంటుందని ధైర్యం చెప్పుకుని, కాగితాలన్నీ పాత జాడీ వెనక కుక్కి బయటికొచ్చింది.

మూడో రోజు పొద్దున ఇత్సుకో తట్టలన్నీ ఒక్కర్తే బయటికి మోసింది. పదింటికల్లా నేల కాలడం మొదలైంది. షిగెనో వసారా నీడలో కూర్చుని ఓ తట్ట ఒళ్ళో పెట్టుకుని కాయలు తిప్పుతోంది. ఎప్పుడు రాద్దాం, ఏం చెప్పి కొట్టంలోకి జారుకుందాం అని లోపల్లోపల పథకం వేసుకుంటోంది.

"అత్తయ్యా..."

మామూలు పిలుపు కాదు. షిగెనో తలెత్తి చూసింది. ఇత్సుకో తట్టల మధ్య మోకాళ్ళ మీద కూలబడి ఉంది. ఒక చెయ్యి నేల మీద ఆనించుకుంది. మొహం పాలిపోయింది. చెమట లేదు.

తట్ట ఎట్లా కింద పెట్టిందో, మెట్టు ఎట్లా దిగిందో ముసలమ్మకి తెలియదు. చెప్పుల్లేకుండా పరిగెత్తింది. ఎనభై నాలుగేళ్ళ ఆ వంగిన నడుం కోడలి చంక కింద ఆసరాగా పెట్టి, "లే తల్లీ, లే, నాలుగడుగులు, నా బంగారం కదూ, లే," అంటూ వసారా దాకా లాక్కొచ్చి పడుకోబెట్టింది. తువ్వాలు తడిపి మెడ మీద వేసింది. ఇంకోటి చంకల్లో పెట్టింది. పోయినేటి కాయ ఒకటి గింజ తీసి, చిదిపి, బార్లీ నీళ్ళలో కలిపి గుటక గుటకగా తాగించింది.

"అంబులెన్సుకి ఫోన్ చేస్తానే."

"వద్దత్తయ్యా. కళ్ళు తిరిగాయంతే. తెలుస్తోంది నాకు, బానే ఉన్నాను."

"నోర్ముయ్. ఇంకో రెండు గుక్కలు తాగు. ఇది పూర్తయ్యేలోపు మొహంలో రంగు రాకపోతే చేస్తాను."

తాగింది. మెల్లగా పెదవులకి ఎరుపొచ్చింది. నుదుట చెమట పట్టింది. ఆ చెమట చూసి షిగెనోకి ప్రాణం లేచొచ్చింది. పక్కన కూర్చుని, తాటాకు రంగు విసనకర్ర తీసుకుని విసరసాగింది. ఇన్నాళ్ళూ ముందు పోయేది తనే అనుకుంది. వేరే దారి ఉంటుందని ఆమె మనసుకి ఏనాడూ తట్టలేదు. కొడుకు విషయంలో ఒకసారి తప్పిన వరస ఇంకోసారి తప్పదని రాసిపెట్టి ఉందా?

"గిన్నెడు గంజి తాగి ఎండలో చాకిరీ చేస్తే ఇంతే," అని తిట్టింది.

ఇత్సుకో కళ్ళు మూసుకునే ఉంది. కాసేపయ్యాక, "పెన్సిలుతో రాయకండత్తయ్యా," అంది.

విసనకర్ర ఆగింది. "ఏ పెన్సిలు?"

"నిన్న సాయంత్రం ఉప్పు కోసం కొట్టంలోకి వెళ్ళాను. జాడీ వెనక కాగితాలు కనిపించాయి. చూడకూడదనే అనుకున్నాను. నా పేరు కనిపించింది."

షిగెనో దొంగతనం చేసి దొరికిపోయినట్టు తల దించుకుంది.

"మీరు చెరుపుకోవచ్చని పెన్సిలు తీసుకున్నారు. మీరు చెరపగలిగినప్పుడు ఎవరైనా చెరపగలరు కదా? పెన్నుతో రాయాలి. మొదటి నుంచి చివరి దాకా మీ చేత్తోనే రాయాలి, నేను మీ చెయ్యి పట్టుకుని రాయించకూడదు. అక్షరం వంకరపోయినా పరవాలేదు, చదవగలిగితే చాలు. వట్టి 'కోడలికి' అని కాదు, నా పూర్తి పేరూ, పుట్టిన తేదీ వెయ్యండి. ఏ ఇల్లో, ప్రభుత్వ రికార్డులో ఉన్నట్టే రాయండి. కింద ఏడాది, నెల, రోజు, మీ పేరు, ముద్ర. తప్పు పడితే దిద్దకండి, కొత్త కాగితం తీసుకోండి. రాశాక సొరుగులో పెట్టుకోకూడదు. తనాబె రిజిస్ట్రీ ఆఫీసుకి మీరే స్వయంగా వెళ్ళి ఇస్తే వాళ్ళే భద్రంగా దాస్తారు. అప్పుడు పోయిందనీ, మార్చారనీ ఎవరూ అనలేరు."

షిగెనో నోరు తెరుచుకుని వింటోంది. వినేకొద్దీ ఓ పాడు అనుమానం తొంగిచూసింది. ఇంత వివరంగా దీనికెట్లా తెలుసు? ఇల్లు చేతికొచ్చే దారి ఎప్పటి నుంచో ఆరా తీస్తోందా? పుట్టింటికి వెళ్ళకుండా ఉన్నది ఇందుకా? మరుక్షణమే ఆ ఊహకి తనకే సిగ్గేసింది. అయినా అడక్కుండా ఉండలేకపోయింది.

"ఇవన్నీ నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు. నేనూ రాశాను కాబట్టి తెలుసు."

"నువ్వా? నువ్వు రాయడమేమిటి? ఏం వయసు ముంచుకొచ్చిందని?"

ఇత్సుకో కళ్ళు తెరిచింది. "తోట నా పేర ఉంది కదత్తయ్యా. నాకేమన్నా అయితే అది మీకు రాదు, మా అన్నయ్యకి పోతుంది. అన్నయ్య మంచివాడే. మా వదినకే ఆ సోలార్ పలకల పిచ్చి. చెట్లన్నీ కొట్టించి కొండంతా పలకలు పరిపించేస్తుంది. అప్పుడు మీరు ఏం ఊరేస్తారు? ఎండాకాలం వస్తే ఏం చేస్తారు?"

ముసలమ్మ కోడలి మెడ మీది తువ్వాలు తీసి మళ్ళీ తడిపి వేసింది.

"అందుకే మీ పేర రాశాను. మీ అబ్బాయి ఏడాది పూజ అయిపోయిన వారంలోనే."

"ఐదేళ్ళ నుంచీ! ఒక్క మాట చెప్పలేదేమే?"

"చెబితే చావు మాటలు మాట్లాడతావా అని నాలుగు రోజులు అన్నం మానేసేవారు."

అది నిజమే. షిగెనో ముక్కు చీది, తువ్వాలు కొసతో తుడుచుకుంది. "పిచ్చిదానా, నాకు రాయడమేమిటే! నేను ఇవాళో రేపో పోయేదాన్ని."

"ఆ ఇవాళా రేపూ మీకు తోట ఉండాలనే," అంది ఇత్సుకో.

షిగెనో ఏడ్చింది. కొడుకు పోయినప్పుడు నలుగురిలో ఏడవలేక మింగిందంతా కలిపి, కోడలి తడి జుట్టు మీద చెయ్యి వేసుకుని, పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఇత్సుకో ఆ చేతిని పట్టుకుని అట్లాగే పడుకుంది. తట్టల్లో కాయలు తిప్పకుండా ఓ పక్కే ఎండుతున్నాయని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ లేవలేదు.

కాసేపటికి ముసలమ్మ లేచింది. కోడల్ని కదలొద్దని గదిమి, తనే టోపీ పెట్టుకుని పెరట్లోకి దిగి తట్టలన్నీ తిప్పింది. ఎండ వాలాక వచ్చి, చేతులు కడుక్కుని, పూజ అర పక్కనున్న బల్ల వసారాలోకి లాక్కుంది. తెల్లకాగితాలు, పెన్ను, పేరుముద్ర, ఇంటి పన్ను రసీదుతో వచ్చిన రికార్డు కాగితం వరసగా పెట్టుకుంది.

దిండుకి ఆనుకుని కూర్చున్న ఇత్సుకో చూసి, "ఇవాళెందుకత్తయ్యా? ఇవాళ బుత్సుమెత్సు. రేపు మహా మంచిరోజు, రేపు తీరిగ్గా రాద్దురుగాని," అంది.

"నువ్వు రాసినప్పుడు రోజు చూసుకున్నావా?"

ఇత్సుకో ఇబ్బందిగా నవ్వింది. "లేదు. కాగితం ఇవ్వడానికి వెళ్తే ఆఫీసులో ఈగ కూడా లేదు. ఏమిటండీ ఇంత ఖాళీగా ఉందంటే, ఇవాళ బుత్సుమెత్సు కదా, ఇట్లాంటి పనికి ఎవరూ రారు, మీ పని చిటికెలో అయిపోతుంది అన్నాడు గుమాస్తా."

"అయితే ఏమైంది? నా తోటకి ఏమైనా అయిందా?" అంది షిగెనో. "కన్‌జి తాత మంచిరోజు చూసి రాశాడు. నేనూ మంచిరోజు చూసి రాశాను. ఇవాళ నువ్వు పడి లేచావ్. ఇంతకన్నా మంచిరోజు నాకెక్కడ దొరుకుతుంది? అటు తిరుగు. నువ్వు చూస్తుంటే నాకు చెయ్యి ఆడదు."

ఇత్సుకో పెరటి వైపు తిరిగి కూర్చుంది. ముసలమ్మ పెన్ను పట్టుకుంది. చెయ్యి వణికింది. ఓసారి ఆగింది. పక్క గిన్నెలో ఉన్న ఊటలో ఎప్పటిలాగే వేళ్ళు ముంచబోయి, నాలిక కరుచుకుని, ఒళ్ళో తువ్వాలుకి తుడుచుకుంది. కాయని లాగకుండా కదిపినట్టే, ఒక్కో గీతనీ మెల్లగా కదుపుతూ రాయసాగింది. తొందరపడలేదు. ఓ కాగితం పాడైంది, ఇంకోటి తీసుకుంది. 'నా ఇల్లూ స్థలమూ' అన్న చోట గీత కిందికి జారింది. 'ఇత్సుకో' అన్న చోట మాత్రం చెయ్యి కుదురుగానే ఉంది. ఏడాది వేసింది, నెల వేసింది. చివర ఆ చెడ్డరోజు అంకె, వట్టి మోటు అంకె, కాగితం అవతలికి దిగేలా నొక్కి రాసింది. పేరు రాసి, ముద్ర వేసి, ఊపిరి వదిలింది.

"ఇంక చూడు."

ఇత్సుకో దగ్గరికి జరిగి చదివింది. ముద్ర పక్కన షిసో రంగు వేలిమరక ఒకటి పడి ఉంది.

"అయ్యో, ఇది చెల్లదంటారా?" అని గాభరా పడింది షిగెనో.

"మరకకేం కాదత్తయ్యా. అన్నీ సరిగ్గా ఉన్నాయి." ఇత్సుకో కాగితాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. "సోమవారం తనాబె వెళ్దాం. కినుయో గది కూడా చూసొద్దాం."

"వెళ్దాం. కానీ ఒక్క మాట విను. రెండు కాగితాలూ ఉన్నాయి కదా అని నువ్వు ముందు బయల్దేరావంటే ఊరుకోను. ముందు నేను. వరస తప్పకూడదు."

"సరే అత్తయ్యా. మీ వెనకే నిలబడతాను."

"తొందరేం లేదు. వచ్చే ఏడు కాయలున్నాయి, కినుయోవి కూడా," అంది ముసలమ్మ. సిరా ఆరేదాకా గాలికి ఎగరకుండా కినుయో రాయి ఒకటి ఈడ్చుకొచ్చి కాగితం అంచు మీద పెట్టింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి గంజి పొయ్యి మీద పెట్టి, "ఇవాళ రెండు గిన్నెలు తాగాలి," అని లోపల్నుంచే కేకేసింది.